టేపౌట్ ముందా, టికెట్ ముందా?

విశాఖ ద్వారకానగర్ కోచింగ్ సందుల్లో ఈమధ్య కొత్తరకం బోర్డులు వెలిశాయి. ఆరు నెలల్లో చిప్ డిజైన్, ఆపైన విదేశీ ఉద్యోగం. పక్కనే జర్మనీ, తైవాన్, అమెరికా జెండాలు. 2025 ఆగస్టులో మన రాష్ట్రంలో చిప్ ప్యాకేజింగ్ ప్లాంటుకి కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. అక్టోబరులో విశాఖకి గూగుల్ 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటన వచ్చింది. ఈసీఈ చదివే పిల్లలున్న చాలా ఇళ్ళలో అప్పటినుంచి ఒకటే లెక్క: చిప్పుల కాలం వచ్చింది, కోర్సు చేయిద్దాం, బయటికి పంపిద్దాం.

ఆ లెక్క మొదట్లోనే తప్పుతోంది. డేటా సెంటర్ అంటే చిప్పుల్ని వాడుకునే చోటు. ప్యాకేజింగ్ ప్లాంటులో తయారైన చిప్పుకి తొడుగు వేసి పరీక్ష చేస్తారు. డిజైన్ పని ఈ రెంటికీ చాలా ముందే హైదరాబాదులోనో బెంగళూరులోనో శాన్‌హోసేలోనో జరిగిపోతుంది. కాబట్టి విశాఖ నుంచి మ్యూనిక్ వెళ్ళాలనుకునేవారు ముందు హైదరాబాదుకి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. మొదటి టేపౌట్ (పూర్తైన చిప్ డిజైన్‌ని తయారీకి ఫ్యాక్టరీకి పంపడం) అయ్యేదాకా "ఏ దేశం" అన్న ప్రశ్నని పక్కన పెట్టినవారే బయటికి తొందరగా వెళ్తారన్నది నా వాదన. దీనికి గట్టి అభ్యంతరాలున్నాయి. వాటినీ చూద్దాం.

ఆ పేరుతో ఉద్యోగం లేదు

బయటి కంపెనీల ఖాళీల్లో "చిప్ డిజైన్ ఇంజినీర్" అన్న మాట దాదాపు కనిపించదు. ఆర్‌టీఎల్ డిజైన్ (చిప్పు లాజిక్‌ని కోడ్‌గా రాయడం), డిజైన్ వెరిఫికేషన్ (ఆ కోడ్ సరిగ్గా పనిచేస్తుందో పరీక్షించడం), ఫిజికల్ డిజైన్ (దాన్ని చిప్పు మీద లేఅవుట్‌గా పరచడం), ఎస్‌టీఏ (టైమింగ్ లెక్కలు), డీఎఫ్‌టీ (తయారైన చిప్పుని పరీక్షించడానికి లోపలే చేసే ఏర్పాటు), అనలాగ్ డిజైన్, అనలాగ్ లేఅవుట్, పోస్ట్ సిలికాన్ వాలిడేషన్ (చిప్పు చేతికొచ్చాక చేసే పరీక్ష), క్యాడ్ (డిజైన్ టూల్స్ పని) అని విడివిడిగా ఉంటాయి. ఒకదాంట్లో ఐదేళ్ళు చేసినవారిని రెండోదానికి దాదాపు ఫ్రెషర్‌గానే చూస్తారు. ఏది ఎంచుకున్నామన్న దాన్నిబట్టే ఏ దేశం అన్నది చాలావరకు తేలిపోతుంది.

ఖాళీలు ఎక్కువగా ఉండేది వెరిఫికేషన్‌లో. ఒక బ్లాకు (చిప్పులో ఒక భాగం) రాయడానికి ఒక్కరు చాలినా, దాన్ని పరీక్షించడానికి ఇద్దరు ముగ్గురు కావాలి. సిస్టమ్‌వెరిలాగ్ భాష, యూవీఎం పరీక్ష పద్ధతి బాగా వచ్చి, పీసీఐఈ, డీడీఆర్, ఈథర్నెట్ లాంటి ఒక ప్రోటోకాల్‌ని (డేటా ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని) లోతుగా పట్టుకున్నవారిని ఏ దేశమైనా పిలుస్తుంది.

మన పిల్లలు ఎక్కువగా చేరే ఫిజికల్ డిజైన్‌లో ఒక చిక్కుంది. బ్లాకు స్థాయి ప్లేస్ అండ్ రూట్ (సెల్స్ అమర్చి తీగలు కలపడం) పని ఇప్పటికే పెద్ద ఎత్తున ఇండియాకి వచ్చేసింది. అదే పని బెంగళూరు ఆఫీసులో జరుగుతున్నప్పుడు, దానికోసమే మనిషిని వీసా పెట్టి రప్పించుకోవాల్సిన అవసరం అవతలివాళ్ళకి లేదు. అక్కడ మిగిలేవి మొత్తం చిప్పుకి సంబంధించిన టాప్ లెవెల్ పనులు: ఫుల్‌చిప్ ఫ్లోర్‌ప్లాన్, క్లాక్ ఆర్కిటెక్చర్, పవర్ గ్రిడ్, సైనాఫ్ (ఆఖరి తనిఖీ). ఫిజికల్ డిజైన్‌లో ఉన్నవారు మూడో ఏడు దాటాక ఇంకో బ్లాకు ఒప్పుకునే బదులు టాప్ లెవెల్ పని అడిగి తీసుకోవాలి, అది ఎంత విసుగైన పనైనా సరే.

అనలాగ్ డిజైన్ నేర్చుకోవడానికి ఏళ్ళు పడుతుంది, అందుకే మనుషుల కొరత ఎక్కువ. యూరప్‌లో కార్ల చిప్పులు, సెన్సర్లు, పవర్ చిప్పులు చేసే మ్యూనిక్, విల్లాఖ్, గ్రాట్స్, ఐంధోవెన్ లాంటి ఊళ్ళలో ఎల్‌డీవో, ఏడీసీ, పీఎల్‌ఎల్ లాంటి అనలాగ్ సర్క్యూట్లు చేతితో చేసినవారికి గౌరవం ఉంది. డీఎఫ్‌టీ టీములు చిన్నవి. కానీ స్కాన్, ఎంబిస్ట్ అనే పరీక్ష సర్క్యూట్లు లేకుండా దాదాపు ఏ డిజిటల్ చిప్పూ బయటికి పోదు. కార్లలో చిప్పు తనని తాను పరీక్షించుకోవాలని కార్ల భద్రత ప్రమాణం ఐఎస్‌వో 26262 తెచ్చిన ఒత్తిడితో లాజిక్ బిస్ట్ తెలిసినవారి విలువ పెరిగింది. కోచింగ్ బోర్డుల మీద డీఎఫ్‌టీ పేరు ఎందుకు పెద్దగా కనబడదో నాకు అర్థం కాదు.

టేపౌట్ చూసినవారికి తెలిసేది

కోర్సులు చేసినవారి రెజ్యూమెలు పది పక్కపక్కన పెట్టి చూడండి. రౌటర్ వన్ బై త్రీ, ఏహెచ్‌బీ టు ఏపీబీ బ్రిడ్జ్. పదింటిలోనూ అవే ప్రాజెక్టులు, ఒక్కోసారి వాక్యాలు కూడా అవే. చదివేవారికి రెండో రెజ్యూమె దగ్గరే సంగతి తెలిసిపోతుంది.

ఫిజికల్ డిజైన్ ఇంటర్వ్యూలో తరచూ జరిగేది ఇది. రెజ్యూమెలో "టైమింగ్ క్లోజర్ చేశాను" అని ఉంటుంది. "సీటీఎస్ తర్వాత హోల్డ్ వయొలేషన్లు ఎందుకొచ్చాయి?" అని అడుగుతారు. (సీటీఎస్ అంటే క్లాక్‌ని చిప్పంతటికీ చేర్చే చెట్టు కట్టడం. హోల్డ్ వయొలేషన్ అంటే పాత డేటాని పట్టుకునేలోపే కొత్తది వచ్చెయ్యడం.) అభ్యర్థి "బఫర్లు పెట్టి సరిచేశాం" అంటారు. అడిగింది కారణం, వచ్చింది మందు. సీటీఎస్‌కి ముందు క్లాక్ అన్ని ఫ్లాపులకీ (బిట్లని దాచుకునే సర్క్యూట్లకి) ఒకేసారి చేరుతుందని టూల్ లెక్క వేసుకుంటుంది. ట్రీ కట్టాక డేటాని అందుకునే కొన్ని క్యాప్చర్ ఫ్లాపులకి క్లాక్ ఆలస్యంగా చేరుతుందని బయటపడుతుంది. ఈలోగా కొత్త డేటా వచ్చి పాతదాన్ని తొక్కేస్తుంది. ఇంతవరకూ పుస్తకంలో ఉంది. అసలు ప్రశ్నలు తర్వాత వస్తాయి. ఆ బఫర్లు పెట్టిన చోట యుటిలైజేషన్ (ఎంత చోటు నిండిందన్న లెక్క) ఎంత? స్లో కార్నర్‌లో (చిప్పు అతి నెమ్మదిగా నడిచే పరిస్థితిలో) సెటప్ (డేటా సమయానికి ముందే చేరడం) ఏమైంది? రెండు మాక్రోల (రెడీమేడ్ పెద్ద బ్లాకుల) మధ్య సందులో చోటు చాలనప్పుడు ఏం చేశారు? ఒక్క టేపౌట్ దగ్గరుండి చూసినవారికి ఇది వినగానే ఆ సందు, తీగల రద్దీ చూపే ఆ ఎర్రటి కంజెషన్ మ్యాపు కళ్ళముందు మెదులుతాయి. సెటప్ తప్పితే ఫ్రీక్వెన్సీ తగ్గించి చిప్పుని ఎలాగో వాడుకోవచ్చు, హోల్డ్ తప్పితే ఆ దారి కూడా ఉండదు. ఆ భయంతో కొన్ని రాత్రులు గడిపినవారి మాట తీరే వేరుగా ఉంటుంది.

వెరిఫికేషన్‌లో దీనికి సాటి ప్రశ్న: "చివర్లో దొరికిన బగ్ ఏది, అది ముందే ఎందుకు దొరకలేదు?" ఫంక్షనల్ కవరేజ్ (ఏయే సందర్భాలు పరీక్షించామన్న లెక్క) 100 శాతం చూపించిందనీ, తీరా చూస్తే ఆ లెక్క కట్టే కవర్‌గ్రూపు, రెండు వైపులా సరే అనుకునే హ్యాండ్‌షేక్ పూర్తికాకముందే శాంపిల్ అవుతోందనీ, అంటే జరగని ట్రాన్సాక్షన్లని కూడా లెక్కేసుకుందనీ చెప్పగలిగితే ఆ ఇంటర్వ్యూ సగం గడిచినట్టే. కోర్సు ప్రాజెక్టులో ఈ బగ్ ఉన్నా ఎవరూ వెతకరు, దానివల్ల ఎవరికీ నష్టం రాదు కాబట్టి.

అందుకే ప్రతి ప్రాజెక్టు తర్వాత ఒక పేజీ రాసిపెట్టుకోవాలి: నోడ్ (ఎన్ని నానోమీటర్ల టెక్నాలజీ), ఇన్‌స్టెన్సుల (వాడిన సెల్స్) సంఖ్య, క్లాకులెన్ని, కార్నర్లెన్ని, మొదట వర్స్ట్ స్లాక్ (టైమింగ్‌లో అతి పెద్ద లోటు) ఎంత, చివరికి ఎంత, ఈసీవోలు (చివర్లో చేసిన మార్పులు) ఎన్ని, సిలికాన్ వచ్చాక ఏం తేలింది. రెండేళ్ళు గడిస్తే ఇవేవీ గుర్తుండవు. ఇది సొంత మాటల్లో పాఠంలా ఉండాలి. కంపెనీ రిపోర్టుని సొంత మెయిల్‌కి పంపుకోవడం, స్క్రీన్ ఫోటో తీసుకోవడం ఉద్యోగాన్ని పోగొట్టే పనులు. రెజ్యూమెలో క్లయింటు పేరు, ఇంకా విడుదల కాని చిప్పు వివరాలు రాయకూడదు. ఇంటర్వ్యూలో "ఆ సంఖ్య చెప్పడానికి నాకు అనుమతి లేదు" అంటే ఎవరూ తప్పు పట్టరు. మన రహస్యాలు కూడా ఇలాగే కాపాడతారని నమ్మకం కుదురుతుంది.

టేపౌటే దొరకనివారి సంగతి

నా వాదనకి అతి పెద్ద అభ్యంతరం ఇదే, దీన్ని తేలిగ్గా తీసెయ్యలేను. మధురవాడలోనో గాజువాకలోనో ఒక మామూలు కాలేజీలో చదివినవారి క్యాంపస్‌కి చిప్ కంపెనీ రాదు. హైదరాబాదులో మొదటి ఉద్యోగమే దొరకనివారికి "టేపౌట్ అయ్యాక చూద్దాం" అనడం, బావి ఎండిపోయినవారికి చేద కొనుక్కోమనడం లాంటిది.

ఇలాంటివారికి నాకు కనిపించే గట్టి దారి గేట్. మంచి స్కోరుతో ఐఐటీలోనో ఎన్‌ఐటీలోనో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) ఎం.టెక్ చేస్తే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్ వస్తుంది. రెండో ఏడు సొంత చిప్పులు చేసే ప్రొడక్ట్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ దొరికే అవకాశం ఉంటుంది, చాలామందికి అదే ఉద్యోగంగా మారుతుంది. లక్ష కట్టి చేసే ఆరు నెలల కోర్సు కంటే ఏడాది గేట్‌కి పెట్టడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. గేట్ కుదరనివారికి ఇతర కంపెనీల చిప్పుల పని చేసిపెట్టే సర్వీస్ కంపెనీ ఉంది. చేరేముందు మూడు విషయాలు అడగాలి: బాండ్ ఎన్నేళ్ళు, క్లయింటు ప్రాజెక్టు సిద్ధంగా ఉందా లేక పని లేకుండా బెంచీయా, సొంతంగా ఒక బ్లాకు ఇస్తారా లేక స్క్రిప్టులు నడపడమేనా. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనే చోట చేరకూడదు. రేపు వీసాకి అవే కావాలి, అప్పుడు వాటికోసం వాళ్ళ గుమ్మం చుట్టూ తిరగాలి.

ఓపెన్‌సోర్స్ దారి ఒకటి తెరుచుకుంది. 2020లో స్కైవాటర్ అనే చిప్ ఫ్యాక్టరీ 130 నానోమీటర్ల పీడీకే (ఆ ఫ్యాక్టరీకి డిజైన్ చెయ్యడానికి కావాల్సిన ఫైళ్ళు) బయటికొచ్చాక ఓపెన్‌లేన్, మ్యాజిక్, కేలేఅవుట్ అనే ఓపెన్‌సోర్స్ టూల్స్‌తో ఇంట్లో కూర్చుని ఆర్‌టీఎల్ నుంచి జీడీఎస్ (ఫ్యాక్టరీకి పంపే ఫైలు) దాకా వెళ్ళవచ్చు. టైనీ టేపౌట్ అనే కార్యక్రమంలో కొంచెం ఖర్చుతో చిన్న డిజైన్‌ని నిజమైన సిలికాన్ మీదికి పంపవచ్చు. ఈ దారిలో గుంతలూ ఉన్నాయి. చాలామంది డిజైన్లని కలిపి ఒకేసారి తయారు చేయించే షటిల్స్ నడిపిన ఈఫ్యాబ్లెస్ కంపెనీ 2025 మార్చిలో మూతపడింది, చాలామంది డిజైన్లు మధ్యలో చిక్కుకున్నాయి. తర్వాత టైనీ టేపౌట్ జర్మనీలోని ఐహెచ్‌పీ ప్రాసెస్ వైపు కూడా వెళ్ళింది. ఈ అనుభవాన్ని ఎవరూ 5 నానోమీటర్ల పనితో సమానంగా చూడరు. ఫిన్‌ఫెట్ (అధునాతన ట్రాన్సిస్టర్) నోడుల కష్టాలు, పదుల కార్నర్లు, టీముతో పని ఇందులో ఉండవు. అయినా ఫ్రెషర్ రెజ్యూమెలో రౌటర్ వన్ బై త్రీ బదులు "ఈ డీఆర్‌సీ (లేఅవుట్ నియమాల తనిఖీ) ఎర్రర్ ఇలా వచ్చింది, ఇలా తీశాను, చిప్పు వచ్చాక బోర్డు మీద ఇది పనిచేసింది, ఇది చెయ్యలేదు" అని ఉంటే చదివేవారు ఆగుతారు. మీ కాలేజీకి కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ చిప్‌ఇన్ సెంటర్ ద్వారా క్యాడెన్స్, సినాప్సిస్ డిజైన్ టూల్స్ లైసెన్సులు వచ్చాయేమో కూడా విచారించండి. వచ్చినా ల్యాబుకి తాళం వేసి ఉండడం వింత కాదు.

అమెరికా లెక్క

ఇక్కడ నా వాదనకి రెండో అభ్యంతరం, ఇది కొత్తగా పుట్టింది. 2025 సెప్టెంబరు 21 నుంచి అమెరికా బయట ఉన్నవారికోసం వేసే కొత్త హెచ్‌1బీ పిటిషన్ మీద లక్ష డాలర్ల రుసుము వచ్చింది. ఐదారేళ్ళ అనుభవంతో హైదరాబాదు నుంచి నేరుగా హెచ్‌1బీ మీద పిలిపించుకునే దారి ఆ దెబ్బకి దాదాపు మూసుకుంది. అదే అమెరికాలో ఎం.ఎస్. చేసి, ఎఫ్1 (విద్యార్థి వీసా) నుంచి అక్కడే హెచ్‌1బీకి మారేవారికి ఆ రుసుము వర్తించదని అక్టోబరులో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ స్పష్టం చేసింది. పైగా స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్) డిగ్రీకి ఓపీటీ (చదువయ్యాక పనిచేసే అనుమతి) 12, దానిపైన 24, మొత్తం 36 నెలలు పని చేసుకోవచ్చు. అలాంటప్పుడు ముందే ఎం.ఎస్.కి వెళ్ళడం తెలివైన పని కాదా?

కొందరికి అవును. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లోనో అనలాగ్‌లోనో మంచి ల్యాబ్ ఉన్న యూనివర్సిటీలో సీటు వచ్చి, అక్కడే చిప్పు టేపౌట్ చేసే ప్రొఫెసర్ దొరికితే అది హైదరాబాదు ఉద్యోగం కంటే మేలు. కానీ ఏదో ఒక యూనివర్సిటీ, ఇంటి కాగితాల మీద 40 లక్షల అప్పు, అక్కడ పాఠాలే తప్ప సిలికాన్ లేదు అంటే, ఇక్కడి సమస్యని డాలర్లలోకి మార్చుకున్నట్టే. 36 నెలల్లో ఏటా ఒక లాటరీ: 65,000 వీసాలు, అక్కడి మాస్టర్స్ ఉన్నవారికి ఇంకో 20,000. రెండేళ్ళు ఇక్కడ పనిచేసి ఎం.ఎస్.కి వెళ్ళినవారికి ఇంటర్న్‌షిప్ తొందరగా దొరుకుతుంది, అప్పు కూడా తగ్గుతుంది.

మిగిలింది ఎల్1, కంపెనీ తన ఉద్యోగిని అమెరికా ఆఫీసుకి మార్చుకునే వీసా. ఒకే కంపెనీ ఇండియా ఆఫీసులో గత మూడేళ్ళలో ఏడాది వరసగా పనిచేసి ఉండాలి. లాటరీ లేదు, జీవిత భాగస్వామికి పని చేసే హక్కు ఉంది. ఎల్1బీకి ఐదేళ్ళు, మేనేజర్ల ఎల్1ఏకి ఏడేళ్ళు గడువు. క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్ లాంటి కంపెనీల ఇండియా ఆఫీసుల విలువ ఇక్కడే తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే ఎల్1 మీద కంపెనీ మారలేరు. ఉద్యోగం పోతే అక్కడ ఉండగలిగేది 60 రోజులే. గ్రీన్ కార్డు క్యూ చాలా పొడవు: 2025 చివర్లో ఇండియన్ల ఈబీ2 (పై డిగ్రీ ఉన్నవారి) వరస 2013 దగ్గర నడిచింది, అంటే 2013లో దరఖాస్తు పెట్టినవారి వంతు అప్పుడొచ్చింది. సంబంధాలు చూసే పెద్దలకి ఈ ఒక్క సంఖ్య ముందే చెప్పడం అందరికీ మంచిది.

జర్మనీ, సింగపూర్, మిగతావి

జర్మనీ బ్లూ కార్డుకి (డిగ్రీ ఉన్న ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) 2025లో కనీస జీతం ఏడాదికి 48,300 యూరోలు. ఇంజినీరింగ్ లాంటి కొరత వృత్తులకి, డిగ్రీ వచ్చి మూడేళ్ళు దాటనివారికి 43,759.80. ప్రతి జనవరికీ ఇది మారుతుంది. చిప్ ఇంజినీర్లకి ఈ గీత దాటడం కష్టం కాదు. 27 నెలలకి, జర్మన్ భాషలో బీ1 స్థాయి ఉంటే 21 నెలలకే శాశ్వత నివాసం అడగవచ్చు. పెద్ద డిజైన్ టీముల్లో పని ఇంగ్లీషులోనే నడుస్తుంది. ఇల్లు వెతకడం, పిల్లల బడి, డాక్టరు మాత్రం జర్మన్‌లోనే. ఆఫర్ రాకముందే ఏ2 దాకా నేర్చుకోవడం మంచిది.

నెదర్లాండ్స్‌లో గుర్తింపు పొందిన స్పాన్సర్ కంపెనీల జాబితా అందరికీ తెరిచే ఉంటుంది. ముందు అందులో ఉన్న కంపెనీలకే దరఖాస్తు పెట్టడం మేలు. సింగపూర్‌లో జీతం ఒక్కటే చాలదు, ఉద్యోగ వీసాకి కంపాస్ అనే పద్ధతిలో 40 పాయింట్లు రావాలి. కంపెనీలో మన దేశస్థులు పావు వంతు దాటితే ఆ అంశం కింద సున్నా. అందుకే మనవాళ్ళు బాగా ఉన్న కంపెనీలో సులువు అనుకోకూడదు. తైవాన్‌లో షిన్‌చూ చుట్టూ పని అపారం, కానీ మీటింగులు మాండరిన్‌లోకి జారిపోతుంటాయి.

ఇంటిపేరు దగ్గర ఆగే ఫైళ్ళు

తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే తంటా ఇది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసాలో పేరంతా సర్‌నేమ్‌గా మారి, ముందు ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. తర్వాత బ్యాంకు, లైసెన్సు, పన్ను, ప్రతిచోటా ఆ మూడక్షరాలు వెంటాడతాయి. ఆఫర్ రాకముందే మర్రిపాలెం పాస్‌పోర్టు ఆఫీసులో దీన్ని సరిచేసుకోవాలి. ఆఫర్ వచ్చాక ఆ వారాలు దొరకవు.

జర్మనీకి, అక్కడి విదేశీ డిగ్రీల జాబితా అయిన అనాబిన్‌లో వెతికేటప్పుడు కాలేజీ పేరు కాకుండా, డిగ్రీ మీద ఉన్న యూనివర్సిటీ పేరు చూడాలి. విశాఖ కాలేజీల్లోనే కొందరి డిగ్రీ ఆంధ్రా యూనివర్సిటీది, కొందరిది కాకినాడ జేఎన్‌టీయూది, ఈమధ్య చేరినవారిది విజయనగరం గురజాడ జేఎన్‌టీయూది. యూనివర్సిటీకి హెచ్ ప్లస్ (గుర్తింపు ఉందన్న గుర్తు) ఉన్నా, మీ డిగ్రీ విడిగా సరిపోలినట్టు చూపించకపోతే విదేశీ డిగ్రీలు పరిశీలించే జర్మన్ సంస్థ జడ్‌ఏబీ నుంచి 208 యూరోలు కట్టి పత్రం తెచ్చుకోవాలి. ట్రాన్‌స్క్రిప్టులు ఐదారు సీలు కవర్లలో ఒకేసారి తీసిపెట్టుకోండి. రెజ్యూమెలో తండ్రి పేరు, పుట్టినతేదీ, పెళ్ళి వివరం, చివర్లో "పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను" అన్న వాక్యం తీసెయ్యండి. రెండు పేజీలు చాలు.

డబ్బు కట్టమనే ఏజెంట్ల గురించి ఒక్క మాట. 2024 మేలో డేటా ఎంట్రీ ఉద్యోగమని కంబోడియా తీసుకెళ్ళి సైబర్ మోసాలు చేయించిన ముఠాని మన విశాఖ పోలీసులే బయటపెట్టారు. ఆ బాధితుల్లో చదువుకున్నవారూ ఉన్నారు. రిజిస్టరైన ఏజెంటు సైతం 30,000 రూపాయలు, దానిమీద జీఎస్‌టీ మించి తీసుకోకూడదు. చిప్ డిజైన్ ఉద్యోగానికైతే అదీ అక్కర్లేదు. మనిషి కావాల్సిన కంపెనీయే వీసా ఖర్చు, టికెట్ పెట్టుకుంటుంది.

ఆఫర్ చేతికొచ్చాక జీతం అంకెని 90తోనో 100తోనో గుణించి ఇంట్లో చెప్పకండి. జర్మనీలో ఒంటరిగా ఉండేవారికి 60,000 యూరోల్లో పన్నులు, బీమా పోగా చేతికొచ్చేది 38,000 దగ్గర. మ్యూనిక్‌లో చిన్న ఫ్లాటుకే నెలకి 1,200 పైన పోతుంది. రీలొకేషన్ డబ్బు ఏడాదిలోనో రెండేళ్ళలోనో మానేస్తే తిరిగి కట్టాలన్న షరతు ఉందేమో చదవండి. ప్రొబేషన్ ఆరు నెలలు, ఆ గడువులో రెండు వారాల నోటీసుతో వద్దనవచ్చు. ముందు ఒక్కరే వెళ్ళి, పిల్లల స్కూలు టీసీ ఆ ఆర్నెల్లు గడిచాకే తీసుకోవడం మంచిది.